దుబాసి ఎవరికోసం?

టెక్సాస్‌లో ఒక చిన్న ఊరి మునిసిపల్ కోర్టు. కారు స్పీడుగా నడిపినందుకు టికెట్ వచ్చి, కొన్నేళ్ల కిందట ఒక పొద్దున నేను అక్కడ బెంచీ మీద కూర్చుని ఉన్నాను. నా ముందు వరసలో సిమెంటు మరకల బూట్లతో ఒక నడివయసు మనిషి, ఆయన పక్కన పదకొండు పన్నెండేళ్ల కూతురు. ఆ రోజు బడి మానిపించి తీసుకొచ్చినట్టున్నాడు, స్కూలు సంచీ పిల్ల ఒళ్లోనే ఉంది. పేరు పిలిచారు. ఇద్దరూ లేచి వెళ్లి నిలబడ్డారు. జడ్జి నెమ్మదిగా, మర్యాదగానే మాట్లాడాడు. నేరం ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు, లేదా ‘నో కంటెస్ట్’ అనవచ్చు. ఒప్పుకోకపోతే విచారణ ఉంటుంది, జ్యూరీ కావాలని అడిగే హక్కు ఉంది. జరిమానా ఒక్కసారే కట్టలేకపోతే వాయిదాల్లో కట్టవచ్చు. కట్టకుండా, కోర్టుకు రాకుండా ఉంటే వారెంటు వస్తుంది. ఇదంతా చెప్పడానికి ఆయనకు నిమిషం పైనే పట్టింది. తండ్రి కూతురి వంక చూశాడు. ఆ పిల్ల తలెత్తి రెండే మాటలు చెప్పింది: “కె పాగెస్.”

నాకు స్పానిష్ రాదు. ఆ రెండు మాటల చప్పుడు గుర్తుపెట్టుకుని, మర్నాడు ఆఫీసులో మెక్సికో నుంచి వచ్చిన స్నేహితుణ్ణి అడిగాను. “కట్టమంటున్నారు” అని అర్థమట.

ఆ పిల్ల చేసిన పనికి మన భాషలో ఒక పాత మాట ఉంది. దుబాసి. ఇప్పుడు వాడుకలో బాగా తగ్గిపోయింది. పత్రికలవాళ్లు ద్విభాషి అనో, అనువాదకుడు అనో రాసేస్తున్నారు. కానీ నాకు ఆ పొద్దున తోచింది ఈ పాత మాటే. అప్పటినుంచి అది నన్ను వదలలేదు.

సంస్కృతంలో ద్విభాషి, హిందుస్తానీలో దోభాషీ. అది మన నోట్లో పడేసరికి ఒత్తు ఊడి, ‘ష’ కాస్తా ‘స’ అయి దుబాసి అయింది. ఇంగ్లీషువాళ్లు దీన్నే ‘దుబాష్’ అని రాసుకున్నారు. రెండు భాషలు వచ్చినవాడు అని మాటకు మాట అర్థం. అయితే ఒత్తు ఊడినప్పుడు ఈ మాట లోపల ఇంకొకటి జరిగింది. భాషకు తెలుగు రూపం బాస. బాస అంటే మాట్లాడే భాష ఒక్కటే కాదు, ఒట్టు కూడా. చేతిలో చెయ్యి వేసి బాస చేయడం, బాస తప్పడం అని ఊళ్లో ఈనాటికీ అంటారు. అంటే తెలుగు చెవికి దుబాసి అన్న మాటలో రెండు భాషలతో పాటు ప్రమాణం కూడా వినిపిస్తుంది. కోర్టులో దుబాసి పని నిజంగానే ఒట్టుతో మొదలవుతుంది. విన్నది విన్నట్టు, ఏదీ కలపకుండా, ఏదీ మింగకుండా చెబుతానని అమెరికాలో కోర్టు దుబాసి చెయ్యెత్తి ప్రమాణం చేయాలి. మా కోర్టులో ఆ పిల్లను ఎవరూ ప్రమాణం చేయమనలేదు.

దుబాసికీ అనువాదకుడికీ తేడా ఉంది. ఒకరు చెప్పిన తర్వాత దాన్ని మళ్లీ చెప్పేది అనువాదం. కాగితం ముందు పెట్టుకుని, ఆలోచించి, కొట్టేసి తిరగరాయవచ్చు. దుబాసికి ఆ వెసులుబాటు లేదు. ఇద్దరు మనుషుల మధ్య నిలబడి, ఊపిరి తీసుకునే లోపల చెప్పేయాలి. అమెరికా సుప్రీంకోర్టు 2012లో తనిగూచి కేసులో అచ్చంగా ఈ తేడా మీదే తీర్పు చెప్పింది. నిఘంటువులు ముందు పెట్టుకుని, చట్టంలో రాసిన ‘ఇంటర్‌ప్రెటర్’ అంటే నోటితో చెప్పేవాడే గాని కాగితాలు అనువదించేవాడు కాదని తేల్చింది. దేశపు అత్యున్నత న్యాయస్థానం ఒక మాట మీద పదచర్చ చేసి ఖర్చుల లెక్క తేల్చిందంటే, మాటలు పట్టించుకునేవాళ్లం మనం సంతోషించాల్సిందే.

ఇక మద్రాసు సంగతి. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో దుబాసి అంటే వట్టి మాటలు మార్చేవాడు కాదు. బేరం కుదిర్చేవాడు, అప్పు ఇప్పించేవాడు, దొరకు ఊళ్లో కాళ్లూ చేతులూ అయినవాడు. అందుకే ఆ మాటకు కొంత మచ్చ కూడా అంటింది. కోర్టుల్లో పనిచేసిన దుబాసీలది వేరే తరహా. వెన్నెలకంటి సుబ్బారావు 1815 నుంచి 1829 దాకా మద్రాసు సదర్ అదాలతులో ఆ పనిలో ఉన్నాడు. ఆయన ఇంగ్లీషులో రాసుకున్న ఆత్మకథ 1873లో అచ్చయింది. మనకు యాత్రాచరిత్ర అంటే ఏమిటో చూపిన ఏనుగుల వీరాస్వామయ్య కూడా మద్రాసు సుప్రీంకోర్టు దుబాసీయే. 1830లో కాశీకి బయల్దేరి పదిహేను నెలలు తిరిగి వచ్చాడు. దారిలో ఏ ఊళ్లో ఏ మాట ఎలా పలుకుతారో, ఏ వస్తువును ఏమంటారో ఆయన చెవి అంత నిశితంగా పట్టుకున్నదంటే, ఆ చెవి తయారైంది సాక్షుల బోనుకూ జడ్జి కుర్చీకీ మధ్యనే అని నా నమ్మకం.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. వీరాస్వామయ్య ఎవరికోసం ఆ కోర్టులో ఉన్నాడు? సాక్షికి తన భాష తనకు వచ్చు. చుట్టూ ఉన్న ఊరికీ అది వచ్చు. రానిది ఒక్క జడ్జికే. కుర్చీలో కూర్చున్న ఇంగ్లీషు న్యాయమూర్తికి తెలుగూ రాదు, తమిళమూ రాదు. ఆ కొరత తనదని తెలుసు కాబట్టే దొర జీతమిచ్చి దుబాసిని పెట్టుకున్నాడు. తెలుగు రైతుకు ‘ఇంగ్లీషు లోపం’ ఉందని ఎవరూ రాయలేదు.

అమెరికాలో ఇదే పరిస్థితికి పేరు తిరగబడింది. ఇంగ్లీషు రాని ముద్దాయిని ప్రభుత్వ కాగితాల్లో ‘పరిమిత ఆంగ్ల ప్రావీణ్యం గలవాడు’ అంటారు. ఆ పేరులోనే లోపం ఎవరిదో తేల్చేశారు. జడ్జికి స్పానిష్ రాకపోవడానికి పేరు లేదు. దేశంలో నాలుగు కోట్లమందికి పైగా ఇళ్లలో మాట్లాడుకునే భాష అది. ఫెడరల్ కోర్టుల్లో దుబాసి అవసరమైన సందర్భాల్లో నూటికి తొంభైకి మించి స్పానిష్‌వే. అయినా లెక్క ప్రకారం కొరత ఎప్పుడూ బోనులో నిలబడ్డవాడిదే.

ఈ తలకిందుల లెక్కను నేను చదివినంతలో నెగ్రోన్ కేసు కన్నా స్పష్టంగా చూపేది మరొకటి లేదు. న్యూయార్క్ రాష్ట్రం, లాంగ్ ఐలాండ్, 1967. ప్వెర్టో రికో నుంచి వచ్చి బంగాళాదుంపల పొలంలో పనిచేసే ఇరవై మూడేళ్ల కూలివాడు నెగ్రోన్. ఆరో తరగతి చదువు, ఇంగ్లీషు అసలు రాదు. తోటి కూలివాణ్ణి చంపాడని కేసు. కోర్టు ఇచ్చిన వకీలుకు స్పానిష్ రాదు. పద్నాలుగు మంది సాక్షుల్లో పన్నెండు మంది ఇంగ్లీషులోనే చెప్పారు. ప్రాసిక్యూషన్ తరఫున ఒక దుబాసి ఉంది. విచారణ మధ్యలో విరామం ఇచ్చినప్పుడు రెండుసార్లు, పది ఇరవై నిమిషాల చొప్పున, జరిగినదాని సారాంశం అతనికి చెప్పింది. మిగతా పొద్దంతా అతను ఆ గదిలో కూర్చుని వినపడుతున్నవన్నీ విన్నాడు, ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఇరవై ఏళ్ల నుంచి జీవితాంతం దాకా శిక్ష పడింది.

కానీ అతను తన సాక్ష్యం తాను స్పానిష్‌లో చెప్పినప్పుడు? అప్పుడు ప్రతి మాటా అప్పటికప్పుడు ఇంగ్లీషులోకి వచ్చింది, జడ్జికి, జ్యూరీకి, ప్రాసిక్యూటర్‌కు వినపడేలా. దుబాసి ఉంది, పని చేసింది, అయితే ఒక వైపుకే చేసింది. వాళ్లకు అతని మాట కావాలి కాబట్టి వచ్చింది. అతనికి వాళ్ల మాట కావాలని ఎవరికీ తోచలేదు. అది దుబాసి పనిలో సగమే.

1970లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ శిక్ష చెల్లదంది. జడ్జి ఇర్వింగ్ కాఫ్‌మన్ రాసిన తీర్పు సారం ఇది: తన విచారణలో ముద్దాయి హాజరు కావడమంటే అక్కడ కుర్చీలో ఒళ్లు ఉంటే చాలదు, జరుగుతున్నది తెలియాలి. ఆ హక్కు తనకుందని అతనికి తెలియకపోతే చెప్పవలసింది కోర్టే. ‘హాజరు’ అన్న మాట గురించి ఇంతకన్నా మంచి వ్యాఖ్యానం నేను ఎరగను. బడిలో పంతులుగారు పేరు పిలిస్తే “హాజరు” అన్నంత మాత్రాన పాఠం విన్నట్టు కాదుగా.

అతను ప్వెర్టో రికో మనిషి అన్నాను. అంటే 1917 నుంచి అక్కడ పుట్టినవాళ్లందరిలాగే అమెరికా పౌరుడు. పరదేశి కాదు. ప్వెర్టో రికోలో ఊరంతా స్పానిష్‌లోనే బతుకుతుంది, అక్కడి స్థానిక కోర్టులూ స్పానిష్‌లోనే నడుస్తాయి. కానీ అదే ద్వీపంలో ఉన్న అమెరికా జిల్లా కోర్టు చట్టప్రకారం ఇంగ్లీషులోనే నడవాలి. సొంత ఊళ్లో, సొంత భాష మధ్య నిలబడిన మనిషికి దుబాసి కావాల్సి వస్తుంది. వీరాస్వామయ్య నాటి మద్రాసు గుర్తొచ్చింది కదా?

కాలిఫోర్నియా కథా అలాంటిదే. 1848లో మెక్సికో నుంచి చేతులు మారింది. 1849 రాజ్యాంగం చట్టాలన్నీ ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ అచ్చు వేయాలంది. ముప్పై ఏళ్లు తిరిగేసరికి 1879 రాజ్యాంగం కోర్టు వ్యవహారాలు ఇంగ్లీషులో తప్ప మరే భాషలోనూ జరగకూడదంది. అక్కడే పుట్టి పెరిగినవాళ్లు కదలకుండానే తమ కోర్టులో తాము పరాయివాళ్లయ్యారు. 1974లో మళ్లీ ఒక వాక్యం చేరింది: ఇంగ్లీషు అర్థంకాని ముద్దాయికి విచారణ మొదటినుంచి చివరిదాకా దుబాసి హక్కు. ఆ ‘మొదటినుంచి చివరిదాకా’ అన్న మాటకు పదేళ్ల తర్వాత పరీక్ష వచ్చింది. ఒక హత్య కేసులో ముద్దాయి పక్కన కూర్చున్న ఒకే ఒక్క దుబాసిని, స్పానిష్ సాక్షులు వచ్చినప్పుడు కోర్టు ‘అరువు’ తీసుకుంది. దుబాసి సాక్షి దగ్గరికి వెళ్లినంతసేపూ ముద్దాయి తన వకీలుతో ఒక్క ముక్క మాట్లాడుకోలేకపోయాడు. 1984లో ఆగిలార్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు శిక్ష కొట్టేసింది. నెగ్రోన్‌కు జరిగిందే మరో రూపంలో జరిగింది. దుబాసి ఒక్కరే ఉన్నప్పుడు ఎవరి అవసరం ముందు అంటే, కోర్టుదే ముందు.

ఇవన్నీ హత్య కేసులు, అప్పీళ్ల దాకా వెళ్లినవి. 1978లో కాంగ్రెస్ తెచ్చిన దుబాసీల చట్టం కూడా ఫెడరల్ కోర్టులకే. కానీ ఎక్కువమంది మామూలు మనుషులు చట్టాన్ని కళ్లారా చూసేది హత్య విచారణలో కాదు. ట్రాఫిక్ టికెట్టు, లైసెన్సు లేని డ్రైవింగు, అద్దె బాకీ, పొరుగువాడితో తగాదా. వీటిని చూసేవి మునిసిపల్ కోర్టులు, జస్టిస్ కోర్టులు. కొన్ని రాష్ట్రాల్లో ఆ జడ్జి లా చదివి ఉండాలన్న నియమం కూడా లేదు. ఉత్త జరిమానా కేసుల్లో ప్రభుత్వం వకీలును ఇవ్వదు. జరిగిందేమిటో రాసిపెట్టే రికార్డు చాలాచోట్ల ఉండదు, కాబట్టి తప్పు చెప్పారని తర్వాత నిరూపించనూలేరు. కేసుకు రెండు నిమిషాలు. పైకోర్టులో పట్టుబడే పొరపాటు కిందికోర్టులో పుట్టి, అక్కడే కలిసిపోతుంది.

ఆ రెండు నిమిషాల్లో దొర్లే మాటలు చూడండి. ‘నో కంటెస్ట్’ అంటే నేరం ఒప్పుకోను గాని ఎదురు వాదించను, శిక్ష వేయండి అని. స్పానిష్‌లో దాదాపు ఇదే చప్పుడుతో ‘కోంతెస్తార్’ అన్న క్రియ ఉంది. దాని అర్థం జవాబు చెప్పడం. సగం భాష వచ్చినవాడు ‘నో కోంతెస్తో’ అని చెబితే, వినేవాడికి “నేను జవాబు చెప్పను” అని అర్థమవుతుంది. నోరు మూసుకుని ఉండటమే ఆ మూడో దారి అనుకుని ఒక మనిషి తల ఊపేస్తాడు. తల ఊపితే శిక్ష ఖాయం. పౌరుడు కానివాడికి కొన్ని నేరాల్లో అది దేశం వదిలిపోవడం దాకా వెళ్తుంది. ఆ సంగతి ముందే చెప్పడం వకీలు బాధ్యత అని సుప్రీంకోర్టు 2010లో పడియా కేసులో చెప్పింది గాని, వకీలే లేనిచోట చెప్పేదెవరు?

పోలీసుల దగ్గరా అంతే. డబ్బు లేకపోతే ఉచితంగా వకీలును ఇస్తారని వాళ్లు నిందితుడికి చెప్పాలి. ఒక అధికారి ‘లీబ్రె’ అన్న మాట వాడాడు. ఉచితానికి స్పానిష్‌లో ‘గ్రాతీస్’ అనాలి. ‘లీబ్రె’ అంటే స్వేచ్ఛగా ఉన్నవాడు, ఖాళీగా ఉన్నవాడు. ఇంగ్లీషు ‘ఫ్రీ’లో రెండు అర్థాలూ ఉండటం వల్ల వచ్చిన తంటా ఇది. మనకూ తెలిసిందే: “రేపు ఫ్రీగా ఉంటావా?” అన్నా ఫ్రీయే, “ఒకటి కొంటే ఒకటి ఫ్రీ” అన్నా ఫ్రీయే. వకీలు ఖాళీగా ఉంటే వస్తాడు అని అర్థం చేసుకున్న మనిషి తన హక్కు తెలుసుకున్నట్టు కాదని 2013లో నైన్త్ సర్క్యూట్ ఫెడరల్ అప్పీలు కోర్టు చెప్పింది. అది ఫెడరల్ కేసు, వకీలు ఉన్నాడు, పట్టుకున్నాడు.

ఇంకో మెలిక ఉంది. స్పానిష్ దుబాసిని తెచ్చినంత మాత్రాన పని అయిపోదు. ఆరెగన్‌లో 1986లో ఒక మెక్సికో యువకుడికి హత్య నేరం మీద శిక్ష పడింది. అతనికి స్పానిష్ దుబాసిని ఇచ్చారు. అతని భాష మిస్తెక్. స్పానిష్ అతనికీ పరాయిదే. అడిగినదానికల్లా “సీ” అన్నాడు, అంటే అవునని. 1991లో ఆ శిక్ష రద్దయి బయటికి వచ్చేసరికి అయిదేళ్లు గడిచాయి. ఇప్పటికీ మామ్, కిచే, త్రికీ వంటి స్థానిక భాషలు మాట్లాడేవాళ్లు అమెరికా కోర్టుల్లో ‘స్పానిష్’ అన్న గడిలోకి వెళ్లిపోతున్నారు. స్పానిష్ ఒకప్పుడు దొరల భాష అని మరిచిపోకూడదు. స్పెయిన్ ఏలిన మెక్సికోలో, అంటే ‘కొత్త స్పెయిన్’ కోర్టుల్లో, నవాత్ల్ భాష దుబాసిని ‘నవాత్లాతో’ అనేవారు. పోనుపోను ఏ భాష దుబాసికైనా అదే పేరైంది. ఆ పాత స్పెయిన్ రాజుల చట్టంలో 1537 నాటి నియమం ఒకటి నన్ను కట్టిపడేసింది. సాక్ష్యం చెప్పే స్థానికుడు, దుబాసి సరిగా చెబుతున్నాడో లేదో కనిపెట్టి ఉండటానికి రెండు భాషలూ వచ్చిన తన మనిషిని ఒకణ్ణి వెంట తెచ్చుకోవచ్చు. విజేతలు రాసిన చట్టమే. అయినా, దుబాసి కోర్టు మనిషి గనక ముద్దాయి వైపునుంచీ ఒక చెవి ఉండాలన్న తెలివి అందులో ఉంది.

ఆ రెండో చెవిని ఇప్పటి కోర్టు భరించలేకపోయింది. బ్రూక్లిన్‌లో ఒక కేసు. స్పానిష్ సాక్షులున్నారు. జ్యూరీకి పిలిచినవాళ్లలో స్పానిష్ వచ్చినవాళ్లను ప్రాసిక్యూటర్ తీసేయించాడు. దుబాసి చెప్పినదే ఆఖరు మాట అని ఒప్పుకుంటారా అని అడిగితే వాళ్లు కాస్త తటపటాయించారట. మూల మాట సొంత చెవితో విని, దాన్ని విననట్టు ఉండమంటే ఎవరైనా తటపటాయించరా? 1991లో హెర్నాందెస్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు దీన్ని తప్పు పట్టలేదు. రెండు భాషలు వచ్చినవాడు అన్న అర్థంలో వాళ్లు దుబాసీలే. ఆ రావడమే వాళ్లకు అనర్హత అయింది. రెండు బాసలున్నవాడికి రెండు నాలుకలుంటాయన్న పాత అనుమానం మన మద్రాసు దుబాసిని పట్టుకున్నట్టే వీళ్లనూ పట్టుకుంది. న్యూ మెక్సికో ఒక్కటి ఎదురు దారిలో నడిచింది. ఇంగ్లీషు రాదన్న కారణంతో ఎవరినీ జ్యూరీకి దూరం పెట్టకూడదని ఆ రాష్ట్ర రాజ్యాంగం. అక్కడ దుబాసి జ్యూరీకే కూర్చుంటాడు. అవసరం ఎటువైపునుంచైనా రావచ్చని ఆ ఒక్కచోట చట్టం ఒప్పుకుంది.

మంచి దుబాసి ఎంత చేయగలడో చెప్పకపోతే అన్యాయం. శిక్షణ ఉన్నవాళ్లు ముద్దాయి మాటను ‘అతను చెప్తున్నాడు’ అనరు, ‘నేను’ అనే అంటారు. “నేను ఆ రాత్రి ఇంట్లోనే ఉన్నాను” అని ఆడ దుబాసి మగవాడి మాట చెబుతుంది. తన సొంత మాట చెప్పాల్సి వస్తేనే తనను ‘దుబాసి’ అని మూడో మనిషిగా చెప్పుకుంటుంది. పరిశోధకురాలు సూజన్ బెర్క్-సెలిగ్సన్ 1990లో తెచ్చిన పుస్తకంలో ఒక ప్రయోగం ఉంది. ఒకే సాక్ష్యం, ఒకసారి సాక్షి అన్న ‘సెన్యోర్’ వంటి మర్యాద మాటలతో సహా ఇంగ్లీషులో చెప్పారు, ఒకసారి వాటిని వదిలేసి చెప్పారు. మర్యాద మాటలు ఉన్న సాక్షినే విన్నవాళ్లు ఎక్కువ నమ్మారు, తెలివైనవాడు అనుకున్నారు. మనవాడు “అవునండీ” అన్నదాన్ని “అవును” అని చెప్పేస్తే ఏం పోయిందో తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? ఆ ‘అండీ’ మీద కూడా ఒక మనిషి స్వేచ్ఛ ఆధారపడుతుంది.

2000లో క్లింటన్ ఇచ్చిన ఉత్తర్వు ఒకటి, ఫెడరల్ డబ్బు తీసుకునే సంస్థలన్నీ ఇంగ్లీషు రానివాళ్లకు దారి చూపాలన్న దిశగా పనిచేసింది. దాని వెనక ఉన్నది 1964 పౌరహక్కుల చట్టం. 2025 మార్చిలో ఇంగ్లీషును అధికార భాషగా ప్రకటిస్తూ ట్రంప్ ఆ ఉత్తర్వును ఎత్తేశారు. 1964 చట్టం అలాగే ఉంది. కానీ చిన్న ఊరి కోర్టులో బడ్జెటు రాసేవాడు ఒక కారణం కోసం చూస్తున్నప్పుడు, అలాంటి ప్రకటన ఎటు తోస్తుందో ఊహించడం కష్టం కాదు.

ఆ పొద్దున నా టికెట్ పని రెండు నిమిషాల్లో అయిపోయింది. నాకు ఇంగ్లీషు వచ్చు. బయట డబ్బు కట్టే కిటికీ దగ్గర వరసలో నా వెనకే తండ్రీ కూతుళ్లు నిలబడ్డారు. ఆయన చేతిలో సంతకం పెట్టవలసిన కాగితం, ఇంగ్లీషులో. పిల్ల ఒక గీత మీద వేలు పెట్టి, ఈ మాటకు అర్థమేమిటని నన్ను అడిగింది. ‘వేవ్’ అన్న మాట. జ్యూరీ విచారణ హక్కును నేను వదులుకుంటున్నాను అన్న వాక్యం. వదిలేయడం, ఇంక అది మనకు ఉండదు అని ఇంగ్లీషులో చెప్పాను. “ఏది ఉండదు?” అంది. చెప్పాను. ఆ పిల్ల తండ్రి వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టింది. ఈసారి రెండు మాటలు కాదు, చాలాసేపు చెప్పింది, మధ్యలో ఆగి మాటలు వెతుక్కుంటూ. ఆయన కలం దించి, ఏదో అడిగాడు. కిటికీ అవతలనుంచి క్లర్కు “నెక్స్ట్” అని పిలిచింది.